కోసిన పండు శ్వాసను కొలిచిన ఆచార్య ప్రాణకృష్ణ పరిజా

(ఏప్రిల్ 1న ఆచార్య పరిజా జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

చెట్టు నుంచి తెగిన కాయ మార్కెట్ యార్డుకు చేరేసరికి అందరి దృష్టిలోనూ ఒక సరుకు మాత్రమే. తూకం, గ్రేడు, ధర అన్నవే అక్కడ వినవచ్చే మాటలు. శాస్త్రం దృష్టిలో మాత్రం ఆ కాయ ఇంకా ప్రాణమున్న వస్తువే. వేరు నుంచి నీరు, ఆకు నుంచి ఆహారం అందడం ఆగిపోయినప్పటికీ, తనలో నిల్వ ఉన్న పిండిపదార్థాన్నీ, చక్కెరనూ, పులుపునూ ఖర్చు చేసుకుంటూ, ప్రాణవాయువును పీల్చుకొని బొగ్గుపులుసు వాయువును విడుస్తూ, వేడిని వెలువరిస్తూ అది జీవిస్తూనే ఉంటుంది. ఆ ఖర్చు ఎంత వేగంగా సాగితే పండు అంత త్వరగా మెత్తబడి, రుచి తప్పి, కుళ్లిపోతుంది. పండ్ల నిల్వ అనే విద్య సారాంశమంతా ఈ శ్వాసను ఆపకుండా నెమ్మదింపజేయడంలోనే ఉన్నది. ఆ శ్వాసను ఒక్కొక్క పండు చొప్పున, నెలల తరబడి, ఓర్పుతో కొలిచిన తొలితరం శాస్త్రవేత్తలలో మన పొరుగు రాష్ట్రమైన ఒడిశాకు చెందిన ఆచార్య ప్రాణకృష్ణ పరిజా ఒకరు. ఒడిశాలో ఆయన పేరు తెలియని విద్యావంతులు అరుదు. సరిహద్దుకు ఇవతల మాత్రం ఆయనను ఒక విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షునిగానే, అదీ కొద్దిమందే, ఎరుగుదురు. మామిడి కోతలు ఆరంభమయ్యే ఈ రోజులలో ఆయన పరిశోధనా జీవితాన్ని పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రాణకృష్ణ పరిజా 1891 ఏప్రిల్ 1న నాటి కటక్ జిల్లాలోని బాలికుద ప్రాంతంలో జన్మించారు. ఆ ప్రాంతం నేడు జగత్‌సింగ్‌పూర్ జిల్లాలో ఉన్నది. వరి తప్ప వేరు పంట లేని, వరదకూ అనావృష్టికీ ఒకేలా గురయ్యే మహానది డెల్టా ప్రాంతమది. ఆయన పుట్టుకకు పాతికేళ్ల ముందు, 1866లో, ఒరిస్సాను నాఅంక దుర్భిక్షంగా జనం చెప్పుకొనే మహా కరవు కబళించింది. నాటి ఒరిస్సా జనాభాలో దాదాపు మూడో వంతు నశించినట్లు అంచనా. అప్పుడు మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న గంజాం జిల్లా సైతం ఆ కరవు దెబ్బను చవిచూసింది. కటకంలో ఉన్నత విద్యకు బీజం పడినది ఆ విపత్తు ముగిసిన వెంటనే. 1868లో కళాశాల తరగతులతో మొదలైన ఆ సంస్థే తరువాత రేవెన్‌షా కళాశాలగా ప్రసిద్ధి పొందినది. ఒక మెతుకు వృథా కావడమంటే ఏమిటో పెద్దల నోట వింటూ పెరిగిన తరం పరిజా గారిది.

ప్రతిభావంతుడైన విద్యార్థిగా గుర్తింపు పొందిన ఆయన 1914లో ఉన్నత విద్యకై ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని క్రైస్ట్స్ కళాశాలలో చేరారు. అదే సంవత్సరం మొదటి ప్రపంచ యుద్ధం ప్రారంభమైనది. ఆయన కేంబ్రిడ్జి జీవితంలో అధిక భాగం ఆ యుద్ధపు నీడలోనే గడిచినది. ఆయన పరిశోధన ఏ దారి పట్టాలో నిర్ణయించినది కూడా ఒక విధంగా ఆ యుద్ధమే.

ఇక్కడ కొంత వివరణ అవసరం. తన ఆహారంలో పెద్ద భాగాన్ని సముద్రం మీదుగా తెప్పించుకొనే దేశం బ్రిటన్. జర్మన్ జలాంతర్గాములు సరకుల ఓడలను ముంచివేయడం ఉద్ధృతం కావడంతో, వచ్చిన ఆహారాన్నీ, దేశంలో పండినదానినీ చెడిపోకుండా కాపాడుకోవడం ఆ ప్రభుత్వానికి ప్రాణావసరమైనది. ఫలితంగా 1917లో శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన శాఖ కింద ఆహార పరిశోధన మండలి ఏర్పాటైనది. మాంసం, చేపలు, పండ్లు ఎందుకు చెడిపోతాయి, ఎంత చల్లదనంలో ఎంతకాలం నిలుస్తాయి అన్న ప్రశ్నలు వంటింటి నుంచి ప్రయోగశాలకు చేరాయి. పండ్లకు సంబంధించిన పని కేంబ్రిడ్జి వృక్షశాస్త్ర విభాగానికి అప్పగించబడినది. అక్కడ ఫ్రాంక్లిన్ కిడ్, సిరిల్ వెస్ట్ అనే ఇద్దరు యువ శాస్త్రవేత్తలు యాపిల్, పియర్ పండ్ల నిల్వపై ప్రయోగాలు ఆరంభించారు. అదే విభాగంలో ఫ్రెడరిక్ ఫ్రాస్ట్ బ్లాక్‌మన్ అనే ఆచార్యుడు మొక్కల శ్వాసక్రియ మూల సూత్రాలను అన్వేషిస్తున్నారు. మొక్క చేసే పనులు వెలుగు, వేడి, వాయువు అనే కారకాలలో ఏది కొరవడితే దానిచేతనే కట్టుబడతాయని 1905లో ప్రతిపాదించిన బ్లాక్‌మన్ అప్పటికే జగద్విఖ్యాతులు. పరిజా గారు ఆ గురువు వద్దనే పరిశోధకునిగా చేరి యాపిల్ పండును తమ అధ్యయన వస్తువుగా స్వీకరించారు.

పండు గాలి పీలుస్తుందన్న సంగతి అప్పటికి కొత్తది కాదు. ప్రాణవాయువు లేనిచోట పండ్లు పక్వానికి రావని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బెరార్ 1821లోనే తెలియజేశారు. అయితే బుట్టెడు పండ్లను ఒకచోట పెట్టి మొత్తం మీద ఎంత వాయువు వచ్చినదో చూడడం వేరు. ఒక్క పండును విడిగా గాజు పాత్రలో ఉంచి, దాని మీదుగా ఎడతెగక గాలిని ప్రవహింపజేసి, అది విడిచిన బొగ్గుపులుసు వాయువును గంటల లెక్కన కొలవడం వేరు. బ్లాక్‌మన్, పరిజాలు ఎంచుకొన్నది రెండో మార్గం. ఒకే కోతకు చెందిన పండ్లను శీతల గదిలో నిల్వ ఉంచి, నెలలు గడిచేకొద్దీ ఒక్కొక్క దానిని వెలికితీసి, స్థిరమైన వెచ్చదనంలో దాని శ్వాస వేగాన్ని లెక్కించారు.

తేలిన మొదటి విషయం చూడడానికి సామాన్యమైనదే. ఒకే తోటలో, ఒకే కోతలో వచ్చిన పండ్లు సైతం ఒకే వయస్సువి కావు. పైకి ఒకేలా కనిపించినా కొన్ని ముందే పక్వదశ వైపు నడవడం మొదలుపెట్టి ఉంటాయి. కొన్ని ఇంకా ఆగి ఉంటాయి. కనుక పండ్ల రాశిని ఒక జనసమూహంవలె, అనగా పిన్నలూ పెద్దలూ కలిసి ఉన్న గుంపుగా పరిగణించాలని వారు భావించారు. వారి తొలి పరిశోధనా పత్రం శీర్షికలోనే ఈ జనసమూహ భావన చోటు చేసుకొన్నది. మార్కెట్ యార్డులో కుప్పగా పోసిన కాయలలో కొన్ని మూడో రోజుకు, కొన్ని పదో రోజుకు పండడం చూసిన వారెవరికైనా ఈ మాటలోని సత్యం బోధపడుతుంది. కోత దశను బట్టి కాయలను వేరుచేయాలని ఉద్యాన శాఖ సిబ్బంది నేటికీ రైతులకు చెబుతున్న సలహాకు ఆధారం ఇక్కడ ఉన్నది.

రెండో విషయం పక్వదశకు సంబంధించినది. కోసిన పండు శ్వాస మొదట నెమ్మదిగా ఉండి, పక్వానికి వచ్చే వేళ ఒక్కసారిగా పుంజుకొని, శిఖరాన్ని అందుకొని, ఆపై పండు ముసలిదయ్యేకొద్దీ క్రమంగా తగ్గుతుంది. ఈ హెచ్చుకు కిడ్, వెస్ట్‌లు 1925లో క్లైమాక్టెరిక్ అనే పేరు పెట్టారు. కణాల లోపలి కట్టుబాటు సడలడంవల్ల అంతవరకు విడివిడిగా ఉన్న ఆహార పదార్థాలూ ఎంజైములూ కలుసుకొని శ్వాస పెరుగుతున్నదని బ్లాక్‌మన్, పరిజాలు వివరించారు. ఈ వివరణ యథాతథంగా నిలవలేదని చెప్పుకోవాలి. యాపిల్ పండు స్వయంగా ఇథిలీన్ అనే వాయువును ఉత్పత్తి చేస్తున్నదని 1934లో ఆర్. గేన్ నిరూపించారు. ఆ వాయువే సంకేతంగా పక్వక్రియను నడిపిస్తుందనీ, పండడమంటే కేవలం సడలిపోవడం కాక కొత్త ఎంజైముల తయారీతో కూడిన క్రమబద్ధమైన ప్రక్రియ అనీ తరువాతి దశాబ్దాలలో తేలినది. పచ్చి కాయల మధ్య ఒక దోరపండును ఉంచి వరిగడ్డిలో మాగవేసే మన ఇళ్లలోని పద్ధతి వెనుక ఉన్న కారణం కూడా ఈ ఇథిలీనే. వివరణ మారినా కొలతలు చెక్కుచెదరలేదు. శాస్త్రంలో ఒక మనిషి కృషిని తూచడానికి ఇది న్యాయమైన త్రాసు అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మూడోది పరిజా గారు ఒంటరిగా తమ పేరున ప్రకటించిన భాగం. ప్రాణవాయువు బొత్తిగా లేకుండా, కేవలం నత్రజనిలో ఉంచితే పండు ఏమి చేస్తుంది? గాలి ఆడకపోతే శ్వాస తగ్గాలని సామాన్య బుద్ధి చెబుతుంది. జరిగినది అందుకు భిన్నం. నత్రజనిలో ఉంచిన యాపిల్ గాలిలో ఉన్నప్పటికంటె ఎక్కువ బొగ్గుపులుసు వాయువును విడిచినది. ప్రాణవాయువు ఉన్నంతకాలం పండు తన నిల్వలను పొదుపుగా వాడుకొంటుంది. అది పూర్తిగా కొరవడినప్పుడు పులియడం అనే దుబారా మార్గాన్ని పట్టి, చక్కెరను త్వరత్వరగా కరిగించుకొని సారాయిగా మార్చుకొంటుంది. ప్రాణవాయువును పూర్తిగా తొలగించక కొంత కొంతగా తగ్గిస్తూ పోతే మాత్రం, గాలిలోని 21 శాతం నుంచి పది శాతం లోపుకు దిగిన తరువాత ఒకచోట బొగ్గుపులుసు వాయువు విడుదల అతి తక్కువ స్థాయికి చేరినది. అంతకన్నా దించితే మళ్లీ పెరిగినది. అంటే పండును కాపాడే ఒక స్థితి ఉన్నది. దానికి ఎగువన ఉంటే పండు త్వరగా ముదురుతుంది, దిగువకు పోతే పులిసి చెడుతుంది.

ఈ సంగతికి అప్పటి వర్తక ప్రపంచంలో ఎంత ప్రాధాన్యం ఉన్నదో ఒక ఉదాహరణతో తెలుస్తుంది. ఆస్ట్రేలియా నుంచి ఓడలలో వచ్చిన యాపిల్ పండ్లు పైకి నిగనిగలాడుతూ లోపల గోధుమ రంగుకు తిరిగి పనికిరాకుండా పోయేవి. పండ్లు విడిచిన బొగ్గుపులుసు వాయువు గాలి ఆడని ఓడ గర్భంలో పేరుకుపోయి, తిరిగి ఆ పండ్లనే దెబ్బతీస్తున్నదని కిడ్, వెస్ట్‌లు 1923లో తేల్చారు. హాని చేసిన ఆ వాయువునే మితంగా, కొలతతో వాడితే మేలు చేయవచ్చునన్న ఆలోచనతో వారు చేసిన ప్రయోగాల నివేదిక 1927లో వెలువడినది. ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో 1929లో తొలి వాణిజ్య వాయు నిల్వ గిడ్డంగి పని ప్రారంభించినది. నేడు హిమాచల్, కాశ్మీర్ లోయలలో యాపిల్ రైతులు శరత్కాలంలో కోసిన పండును వేసవి వరకు నిలిపి అమ్ముకొంటున్న నియంత్రిత వాతావరణ గిడ్డంగులు దీని సంతతే. గిడ్డంగి రూపకల్పన కిడ్, వెస్ట్‌లది. అల్ప ప్రాణవాయువులో పండు దేహంలో జరిగేదేమిటో తెలిపిన శాస్త్రీయ పునాదిలో పరిజా గారి కొలతలు ఒక ముఖ్యమైన వరుస. ఒకరి ఘనత మరొకరికి ఆపాదించడం ఎవరికీ గౌరవం కాదు గనుక ఈ భేదాన్ని స్పష్టం చేయడమైనది.

శ్వాసక్రియపై ఈ పరిశోధన పత్రాలు లండన్ రాయల్ సొసైటీ సంచికలో 1928లో వరుసగా ప్రచురితమయ్యాయి. మొదటిది గురుశిష్యులిద్దరి పేరున, రెండోది పరిజా గారి పేరున, మూడోది బ్లాక్‌మన్ పేరున వెలువడ్డాయి. అప్పటికి పరిజా గారు కేంబ్రిడ్జిలో లేరు. అనేక సంవత్సరాల క్రితమే స్వదేశానికి తిరిగివచ్చి కటకంలోని రేవెన్‌షా కళాశాలలో వృక్షశాస్త్రం బోధిస్తున్నారు. తమ ప్రయోగాలు ప్రపంచ శాస్త్రజ్ఞుల చేతికి అందేనాటికి, ఆ ప్రయోగాలకు వాడిన పరికరాలకు ఆయన వేల మైళ్ల దూరంలో ఉన్నారు. యాపిల్ పండని, శీతల గిడ్డంగి లేని ఊరిలో ఆ పనిని అక్కడి నుంచి ముందుకు కొనసాగించడం సాధ్యమయ్యేది కాదు. చదువు పూర్తయిన చోటనే ఉండిపోయి ఉంటే ఆయన పేరు నేడు పాఠ్యగ్రంథాలలో ఇంకొంత పెద్ద అక్షరాలలో ఉండేదేమో. ఆయన మాత్రం తమ ఊరి ముందు ఉన్న సమస్యలను తీసుకొన్నారు.

వాటిలో మొదటిది గుర్రపుడెక్క. దక్షిణ అమెరికాకు చెందిన ఈ నీటి మొక్క దాని ఊదారంగు పూల అందం కారణంగా ఇతర దేశాలకు చేరి, పందొమ్మిదో శతాబ్దం చివర బెంగాలులో అడుగుపెట్టి, నదులనూ కాలువలనూ చెరువులనూ కమ్మివేసినది. అనుకూల పరిస్థితులలో రెండు వారాల లోపే రెట్టింపయ్యే ఈ మొక్క పడవల రాకపోకలను అడ్డగించి, పొలాలకు నీటిని ఆపి, చేపలకు గాలి ఆడకుండా చేసేది. దీని నిర్మూలనకు బెంగాల్ ప్రభుత్వం 1936లో ప్రత్యేక చట్టమే చేయవలసివచ్చినది. గోదావరి ఆనకట్ట నిర్మాత సర్ ఆర్థర్ కాటన్ 1858లో ఒరిస్సాను సందర్శించి చేసిన సిఫారసుల మీదట అక్కడ కాలువల వ్యవస్థ రూపుదిద్దుకొన్నది. కాలువలు ఉన్నచోట ఈ మొక్కకు కొదవ ఉండదు. పరిజా గారు ఒరిస్సా జలాశయాలలో గుర్రపుడెక్క జీవన విధానాన్నీ, దాని గింజల స్వభావాన్నీ, తోడుగా పెరిగే ఇతర నీటి కలుపు మొక్కలనూ అధ్యయనం చేసి 1934లో భారత వ్యవసాయ శాస్త్ర పత్రికలో విస్తృతమైన పత్రాన్ని ప్రకటించారు. పైకి తేలే మొక్కను లాగి గట్టున వేసినంత మాత్రాన పీడ విరగడ కాదు. గింజలు అడుగున బురదలో చేరి ఏళ్ల తరబడి ప్రాణంతో వేచి ఉంటాయి. ఒక వేసవిలో నీరు తగ్గి బురదకు వెలుగు సోకగానే మొలకెత్తుతాయి. కృష్ణా డెల్టా కాలువలలోనూ కొల్లేరులోనూ ఏటా ఇదే మొక్కను తొలగించే పనులను పర్యవేక్షించే ఇంజనీర్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

రెండోది వరి. ఒరిస్సాలో నాటి వరి సాగు అధిక భాగం వాన మీద ఆధారపడినది. నారు నాటిన తరువాత వాన ముఖం చాటేస్తే పైరు ఎండిపోయేది. విత్తడానికి ముందే విత్తనాన్ని నిర్ణీత చలికి లేదా వేడికి గురిచేసి పైరు నడతను మార్చవచ్చునన్న ఆలోచన ఆ రోజులలో రష్యా నుంచి ప్రపంచమంతటా వ్యాపించినది. మన రైతులు వడ్లను నానబెట్టి మండె కట్టి మొలకెత్తించిన తరువాతనే చల్లుతారు. ఆ మొలక దశలో విత్తనానికి ప్రత్యేకమైన వేడి చికిత్స చేస్తే పైరు నీటి ఎద్దడిని తట్టుకొంటుందా అన్న ప్రశ్నను పరిజా గారు స్వీకరించారు. విత్తుకు ముందు చేసే ఈ చికిత్సపై 1943లో కరెంట్ సైన్స్ పత్రికలో వారి వ్యాసం వెలువడినది. వరిలో అనావృష్టిని తట్టుకొనే శక్తిపై ఆ చికిత్స ప్రభావాన్ని వివరించే పత్రాన్ని పిళ్లై అనే సహ పరిశోధకునితో కలిసి 1945లో ప్రకటించారు. ఆ రెండు తేదీల నడుమ బెంగాల్ కరవు లక్షలాది ప్రాణాలను బలిగొన్నది. ఒరిస్సా కోస్తాను కూడా ఆ కరవు వదలలేదు. కరవు అనంతరం 1946లో కటకంలోనే కేంద్ర వరి పరిశోధన సంస్థ స్థాపితమైనది. విత్తన చికిత్స రైతుల వాడుకలో విరివిగా ప్రవేశించలేదన్నది వాస్తవం. కరవును ఎదుర్కొనే మార్గాన్ని ఆ తరువాతి కాలం ప్రధానంగా కొత్త వంగడాలలో వెదికినది.

ఇంతలో ఆయన జీవితంలో మరొక బాధ్యత ప్రవేశించినది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినది. అది పరిజా గారి నలభై అయిదో పుట్టినరోజు కావడం కాకతాళీయమే. రాష్ట్రం ఏర్పడినా విశ్వవిద్యాలయం ఏర్పడలేదు. కటకంలోని రేవెన్‌షా కళాశాల పాట్నా విశ్వవిద్యాలయం కింద ఉండగా, మద్రాసు రాజధాని నుంచి ఒరిస్సాలో కలిసిన బరంపురం, పర్లాకిమిడి కళాశాలలు మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అనుబంధంగా కొనసాగుతూ ఉండేవి. గిడుగు రామమూర్తి పంతులు గారు అధ్యాపకులుగా పనిచేసిన పర్లాకిమిడి కళాశాల ఇందులో ఒకటి. పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి ఒరిస్సా ప్రధానమంత్రిగా ఉన్న కాలంలో, 1943 నవంబరు 27న, ఉత్కళ విశ్వవిద్యాలయం కటకంలో ఆవిర్భవించినది. దాని మొదటి ఉపాధ్యక్షులుగా పరిజా గారు నియమితులైనారు. ఆ విధంగా ఆంధ్ర విశ్వవిద్యాలయం కింద చదువుకొంటున్న విద్యార్థులు ఆయన చేతికి వచ్చారు.

యుద్ధకాలంలో, కాగితం సైతం దొరకని రోజులలో, సొంత భవనాలు లేని విశ్వవిద్యాలయాన్ని నడపడం ఎటువంటి పని అన్నది ప్రభుత్వ కార్యాలయాలలో పనిచేసిన వారు ఊహించగలరు. పరీక్షలు, అనుబంధ కళాశాలలు, పాఠ్యప్రణాళికలు, నిధుల కోసం ఉత్తర ప్రత్యుత్తరాలు ఆయన దినచర్యను ఆక్రమించాయి. స్వాతంత్ర్యానంతరం కొంతకాలం కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఉపాధ్యక్షునికి సహాయకులుగా, ప్రో వైస్ ఛాన్సలర్ పదవిలో సేవలందించారు. 1950వ దశకం మధ్యలో తిరిగి ఉత్కళ విశ్వవిద్యాలయ బాధ్యతలు స్వీకరించి సుమారు పదేళ్లపాటు నిర్వహించారు. భువనేశ్వర్‌లోని వాణీ విహార్ ప్రాంగణానికి 1958 జనవరి 1న రాష్ట్రపతి డాక్టర్ బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేయగా, 1963 జనవరి 2న రాష్ట్రపతి డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభోత్సవం గావించారు. రాధాకృష్ణన్ పండితుడు 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా వ్యవహరించిన సంగతి పాఠకులకు తెలిసినదే.

ఈ పదవులన్నింటిలో పరిశోధకుడు ఎంత మిగిలాడు అన్న ప్రశ్న సహజం. చరిత్ర చదువుకొని ప్రచార శాఖలో ఉద్యోగం చేస్తున్న ఈ వ్యాసకర్త శాస్త్ర విషయాలపై తీర్పు చెప్పజాలడు. అయితే ఆయన పత్రాల తేదీలను వరుసగా చూసినవారికి ఒక విషయం స్పష్టమవుతుంది. కేంబ్రిడ్జిలో కొద్ది సంవత్సరాలలో చేసిన పని లోతుతో పోల్చదగిన నిరాటంకమైన వ్యవధి ఆయనకు స్వదేశంలో మళ్లీ దొరకలేదు. అందుకు బదులుగా ఒక రాష్ట్రానికి విశ్వవిద్యాలయం దొరికినది. ఈ రెండింటిలో ఏది ఎక్కువ అన్నది ఒడిశా ప్రజలు ఏనాడో తేల్చుకొన్నారు. పండ్ల రైతుల పక్షాన ఆలోచిస్తే మాత్రం, మామిడి మీద, అరటి మీద అటువంటి కొలతలు ఆయన చేతుల మీదుగా జరగకపోవడం లోటుగానే తోస్తుంది.

ఎందుకంటే యాపిల్‌కు వర్తించే అంకెలు మామిడికి వర్తించవు. యాపిల్ సున్నా డిగ్రీల సమీపంలో నెలల తరబడి నిలుస్తుంది. మామిడిని అంత చలిలో ఉంచితే తొక్క నల్లబడి, బయటకు తీసిన తరువాత సరిగా పండదు. దానికి పన్నెండు, పదమూడు డిగ్రీలకు దిగువ పనికిరాదు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే పండు శ్వాస రెండు నుంచి మూడు రెట్లవుతుంది. ఏప్రిల్, మే నెలలలో నూజివీడు నుంచో జగిత్యాల నుంచో టార్పాలిన్ కప్పిన లారీలో వచ్చే కాయ ఎంత వేగంగా తన ఆయుష్షును ఖర్చు చేసుకొంటున్నదో దీనిని బట్టి అంచనా వేసుకోవచ్చు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పండ్ల మార్కెట్‌కు పత్రికా విలేకరులను వెంటబెట్టుకొని వెళ్లినప్పుడు, తెల్లవారుజామున లారీ నుంచి దించిన కాయల కుప్పలో చేయి పెడితే వెచ్చగా తగలడం ఈ వ్యాసకర్తకు ఇప్పటికీ గుర్తున్నది. ఎండకు వేడెక్కినవని అప్పుడు భావించడం జరిగినది. ఆ వేడిలో కొంత ఆ కాయలు తాము విడిచినదేనని చాలా ఏళ్ల తరువాత ఒక ఉద్యాన అధికారి వివరించగా గాని తెలియలేదు.

లూధియానాలోని కేంద్ర కోతానంతర సాంకేతిక సంస్థ 2015లో ప్రకటించిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం, కోత నుంచి వినియోగదారుని చేరే లోపు పండ్లలో పంటను బట్టి సుమారు 6.7 నుంచి 15.9 శాతం, కూరగాయలలో 4.6 నుంచి 12.4 శాతం వరకు నష్టపోతున్నాయి. ధాన్యాలలో ఈ నష్టం ఆరు శాతం లోపే. జీవక్రియ దాదాపు ఆగిన గింజకూ, జీవక్రియ ఉరకలు వేసే పండుకూ ఉన్న తేడా ఆ అంకెలలో కనిపిస్తుంది. పండించే పద్ధతి విషయంలోనూ శాస్త్రం చూపిన దారి వేరు, సులువుగా దొరికిన దారి వేరు అయినది. కాల్షియం కార్బైడ్‌తో పండ్లను మగ్గబెట్టడం ఆహార భద్రతా నిబంధనల ప్రకారం నిషిద్ధం. దానికి ప్రత్యామ్నాయంగా గదిలో నియంత్రిత మోతాదులో, అనగా పది లక్షల భాగాలకు వంద భాగాల వరకు, ఇథిలీన్ వాయువు వాడకాన్ని జాతీయ ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2016లో అనుమతించినది. పండు తనంతట తాను విడిచే వాయువే అది గనుక ఈ అనుమతికి శాస్త్రీయ ప్రాతిపదిక ఉన్నది. తనిఖీలకు వెళ్లే అధికారులు, ఆ వార్తలు రాసే విలేకరులు ఈ రెండు వాయువుల మధ్య తేడాను గుర్తించక రసాయనాలతో పండించిన పండ్లు అన్న ఒకే మాట కింద చేర్చడం తరచు జరుగుతున్నది. కార్బైడ్ నుంచి వెలువడేది ఎసిటిలీన్. వాణిజ్య కార్బైడ్‌లో ఆర్సెనిక్, భాస్వరపు మలినాలు ఉండవచ్చు. నియమం ప్రకారం ఇథిలీన్ గది నిర్వహించే వ్యాపారిని కార్బైడ్ పొట్లాలు పెట్టేవానితో సమానంగా చూపడం అన్యాయం.

పరిజా గారికి లభించిన గౌరవాలు అనేకం. బ్రిటిష్ ప్రభుత్వం 1944లో ఓ.బి.ఇ. బిరుదునూ, భారత ప్రభుత్వం 1955లో పద్మభూషణ్ పురస్కారాన్నీ అందజేశాయి. 1960లో బొంబాయిలో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్ నలభై ఏడవ మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. గురువు బ్లాక్‌మన్ అప్పటికి పదమూడేళ్ల క్రితమే, 1947లో, మరణించారు. వారిరువురి పత్రాలు పండ్ల శ్వాసక్రియపై వెలువడిన తరువాతి తరాల గ్రంథాలలో ప్రస్తావనకు వస్తూనే ఉన్నాయి.

ఆచార్య ప్రాణకృష్ణ పరిజా 1978 జూన్ 2న, ఎనభై ఏడేళ్ల వయస్సులో పరమపదించారు. భువనేశ్వర్‌లోని ఉత్కళ విశ్వవిద్యాలయ కేంద్ర గ్రంథాలయం పరిజా గ్రంథాలయంగా ఆయన పేరును ధరించి ఉన్నది.